దగ్గర గీతల పాటలు

ఆ బుధవారం మా షాపు షట్టర్ చప్పుడు చెయ్యకుండా లేచింది. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

పదహారేళ్ళుగా అది కిర్రుమంటూనే ఉంది. అది కిర్రుమంటే ఎదురుగా గుండీల షాపావిడ టీకి నీళ్ళు పెడుతుంది. ఆ పొద్దున్న నేను రోజూలాగే రెండు చేతులా పట్టి బలం కొద్దీ లాగాను. అది నోరు మెదపకుండా ఒక్క ఊపున పైకి పోయింది. నేను వెనక్కి తూలి పాటల ప్లేట్ల పెట్టె మీద కూలబడ్డాను.

"ఎవరే దీనికి నూనె రాసింది?" అని అరిచాను.

"నేనే అమ్మమ్మా," మెట్ల మీంచి దిగుతూ మా మనవరాలు. "రాత్రి షాపు మూసి నువ్వు పడుకున్నాక రాశాను."

"ఎందుకు రాశావు?"

"కిర్రుమంటోందని."

"పదహారేళ్ళుగా కిర్రుమంటోంది."

"అందుకే రాశాను. దెబ్బ తగిలిందా?"

జవాబు సరిగ్గానే ఉంది. మరీ సరిగ్గా ఉన్న జవాబులంటేనే నాకు భయం.

వెళ్ళిపోయేవాళ్ళు ముందుగా మంచివాళ్ళైపోతారు. ఇది నాకెవరూ చెప్పలేదు, మూడుసార్లు చూసి నేర్చుకున్నాను. నాకు ఏడేళ్ళప్పుడు మా నాన్న రేవులో పనికి పోతూ, ఎన్నడూ లేనిది నాకు ఎర్ర రిబ్బను కొనిచ్చాడు. సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. రిబ్బను పోగులై పోయేదాకా కట్టుకున్నాను, ఆయన రాలేదు. మా ఆయన పరీక్షలకని ఒక్క రోజుకి ఆస్పత్రికి వెళ్ళే ముందు, నేను ఏడాదిగా పోరుతున్న వంటింటి కుళాయి బాగుచేశాడు. ఆ కుళాయి ఇప్పటికీ చుక్క కారదు. మా అమ్మాయి రెండో పెళ్ళి చేసుకుని వేరే ఊరు పోయే ముందు ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. అవి ఆరేసరికి తను లేదు. తొమ్మిదేళ్ళ పిల్లని నా ఒళ్ళో పెట్టి, "నెలలో వచ్చి తీసుకెళ్తానమ్మా" అంది. ఉత్తరాలు రాస్తుంది, పాపం. ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై నాలుగు.

ఆ పిల్లే షట్టర్‌కి నూనె రాసింది.

పగలు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రాలు నలుగురున్న ఒక గుంపులో బేస్ గిటారు వాయిస్తుంది. మామూలు గిటారుకి అది పెద్దన్న లాంటిది. నాలుగే తీగలు, అన్నీ లావువి. దాని మోత చెవికంటే ముందు కడుపుకి తెలుస్తుంది. పైగదిలో అది సాధన చేస్తుంటే కింద నా గ్లాసులో టీ వణుకుతుంది. టీ వణికితే పిల్ల ఇంట్లో ఉన్నట్టు.

టీ తాగుతుంటే వచ్చి నా పక్కన స్టూలు లాక్కుంది.

"అమ్మమ్మా, మన దగ్గర బ్లూస్ ప్లేట్లు ఎన్నున్నాయి?"

"ఎందుకూ?"

"ఎన్నున్నాయంటే ఎందుకంటావేంటి?"

"ఎందుకో చెప్పు, ఎన్నో చెబుతాను."

నవ్వింది. నవ్వుతూ నా చేతిలో ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్ళింది. అదీ కొత్తే. తాగిన గ్లాసు మంచం కింద పెట్టే రకం అది.

"ఎనిమిది పాటలు కావాలి," అంది కుళాయి దగ్గర్నుంచి. "బ్లూసే, కానీ ఫంకీగా ఉండాలి. బేస్ నేర్చుకోవడానికి పనికొచ్చేవి. నీకంటే బాగా వెతికేవాళ్ళు ఎవరున్నారు?"

"నీకు రాని బేసా?"

"కొత్త పాటలు కదా."

ఫంకీ అంటే ఏమిటో నాకు తెలుసు. మా ఆయన షాపుకొచ్చిన వాళ్ళకి ఒకటే మాట చెప్పేవాడు: "బ్లూస్ అంటే, ఉన్న మనిషి వెళ్ళిపోతే గుమ్మంలో కూర్చుని ఏడవడం. ఫంకీ బ్లూస్ అంటే, అదే ఏడుపు, కాకపోతే లేచి నడుము ఊపుతూ ఏడవడం." నాకు మొదటి రకం బాగానే వచ్చు. రెండోది ఎన్నడూ చేతకాలేదు.

"చూద్దాంలే," అన్నాను.

గుండీల షాపావిడ నన్ను వదినా అంటుంది. ఏ వరసా లేదు, ముప్ఫై ఏళ్ళ ఎదురుబొదురు వరస. మధ్యాహ్నం బేరాల్లేని వేళ చేతిలో గుండీల డబ్బాతో వచ్చి కూర్చుంది. రంగులు కలిసిపోయిన గుండీలు ఏరుతూ, మాటలో మాటగా అంది:

"అయితే వదినా, ఈ నాలుగు నెలలూ నీకు తోడుగా రమ్మంటావా? నాకైతే అభ్యంతరం లేదు, నువ్వు గురక పెట్టనంటే."

"ఏ నాలుగు నెలలు?"

ఆవిడ చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. "నీకు చెప్పలేదూ?"

"ఏం చెప్పాలి?"

"అయ్యో, నా నోరు పడ! బేకరీలో డ్రమ్ముల పిల్లాడు లేడూ, వీళ్ళ గుంపులోవాడు, వాడన్నాడు. వచ్చే నెల రెండో తారీఖున బయల్దేరతారట. వ్యానులో. పదకొండు ఊళ్ళట. కొత్త పాటలు ఎనిమిది తయారుగా లేకపోతే ఆ కచేరీలవాళ్ళు ఒప్పుకోరట."

ఎనిమిది. పిల్ల నన్నడిగినవీ ఎనిమిదే.

"అడుగు వదినా పిల్లని. నోరుంది కదా."

"అడిగితే లేదమ్మమ్మా అంటుంది. అప్పుడు ఆ అబద్ధం కూడా నేనే మొయ్యాలి."

"అడక్కపోతే?"

"అడక్కపోతే చూస్తూ ఉంటాను."

"చూస్తూ చూస్తూనే నీ కళ్ళు కాయలు కాశాయి," అని ఆవిడ నల్లగుండీ ఒకటి తెల్లవాటిలో పడేసి, మళ్ళీ తిట్టుకుంటూ ఏరింది.

ఆ మధ్యాహ్నం నేను ఒక పాడుపని చేశాను. చెప్పేస్తాను, ఈ వయసులో దాచుకుని ఏం చేసుకుంటాను?

ముందు ప్లేటు చదవడం గురించి చెప్పాలి. పెళ్ళై వచ్చేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. మా ఆయన ఫలానా ప్లేటు తియ్యి అంటే తియ్యాలి. ప్లేటు మధ్యన గుండ్రటి కాగితం, దాని చుట్టూ గుండ్రంగా రాత. ఆయన పేరు చెప్పగానే రంగు చూసి, గుర్తు చూసి, చివరికి అక్షరం చూసి తీసేదాన్ని. అలా ప్లేటు తిప్పుకుంటూ చదవడం పట్టుబడింది. అందుకే ఇప్పటికీ పుస్తకం చదువుతుంటే తల పక్కకి వాలిపోతుంది. మెడ నొప్పి అనుకుంటారు అందరూ.

కాగితం చదవడం కంటే గీతలు చదవడం గొప్ప. ప్లేటుని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే పాట కనిపిస్తుంది. మెల్లగా పాడిన చోట గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నున్నగా, నల్లగా ఉంటాయి. బేస్ పెద్దగా మోగే చోట గీత అటూ ఇటూ ఊగుతుంది, పక్క గీతని దూరంగా తోస్తుంది, అక్కడ ప్లేటు బూడిదరంగుగా, గరుకుగా మెరుస్తుంది. ముల్లు పెట్టకుండానే ఈ ప్లేటులో బేస్ ఎంతుందో మా ఆయన చెప్పేవాడు. నాకూ నేర్పాడు. "దూరం గీతలు, భారం బేస్. దగ్గర గీతలు, తేలిక బేస్." పాత ప్లేట్లు అలా వేరుచేసే పెట్టుకునేవాళ్ళం.

కిటికీ దగ్గర కూర్చుని మా దగ్గరున్న ముప్ఫై ఒక్క బ్లూస్ ప్లేట్లూ వెలుగుకి పట్టాను. రెండు దొంతులు చేశాను. దూరం గీతలవి తీసి పైఅరలో, పాత కవర్ల వెనకాల దాచేశాను. దగ్గర గీతలవి ఎనిమిది ఏరాను. వాటిలో బేస్ ఉందో లేదో అన్నట్టుంటుంది. అందులో ఏం నేర్చుకుంటుంది? నేర్చుకోలేదు. నేర్చుకోకపోతే ఆ గుంపువాళ్ళు దీన్ని వద్దంటారు. వద్దంటే ఇది నాలుగు రోజులు ముక్కు ఎగబీల్చి, అయిదో రోజు గ్లాసు మంచం కింద పెడుతుంది. అంతా సర్దుకుంటుంది.

ఇదీ నా లెక్క.

మొదటిది గురువారం ఇచ్చాను. రైలు తప్పిపోయిన మనిషి పాట. పిల్ల దాన్ని గాజుపలకలా రెండు చేతుల మధ్య పట్టుకుని, "అమ్మమ్మా, నువ్వు బంగారం," అంది.

"సరేలే, గీతలు పడకుండా చూసుకో."

రోజుకొకటి ఇచ్చాను. రోజుకొకటి పట్టుకెళ్ళింది. ఒక్కదానికీ వంక పెట్టలేదు. పుట్టి బుద్ధెరిగి నేనిచ్చిందేదీ ఒక్కసారి కూడా బాగుందననిది, ఎనిమిది చెత్తపాటలిస్తే ఎనిమిదిసార్లు బంగారం అంది. అంతకంటే అనుమానించాల్సింది ఇంకేం కావాలి?

అంతకంటేనూ ఉంది. ఆ వారమంతా నా గ్లాసులో టీ వణకలేదు. ప్లేట్లు తీసుకెళ్తోంది, పైగదిలో సాధన లేదు. బేస్ గిటారు గోడకి ఆనించినచోటే ఉంది. పట్టుకెళ్ళిన ప్లేట్లు తిరిగి రావడం లేదు. ఒకసారి అడిగాను.

"ప్లేట్లేవే?"

"ఉన్నాయిలే అమ్మమ్మా, భద్రంగా."

"ఎక్కడున్నాయి?"

"భద్రంగా ఉన్నాయన్నానుగా!" అని కళ్ళద్దాల షాపుకి టైమైందంటూ వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కొచ్చి, నా శాలువా సరిచేసి మరీ వెళ్ళింది.

అదే వారంలో ఎదురుగా ఒక కొత్త మనిషి కనిపించాడు.

మూసేసిన ఫొటో స్టూడియో ముందు నీడలో నిలబడేవాడు. చేతిలో పనిముట్ల సంచి. మా షాపు వైపు చూసేవాడు, ఒక అడుగు ముందుకి వేసేవాడు, వెనక్కి తీసుకునేవాడు, పోయేవాడు. మర్నాడు మళ్ళీ అదే వేళకి.

"పెళ్ళికొడుకేమో వదినా," అంది గుండీలావిడ.

"నలభై అయిదు దాటాయి. తల మీద నాలుగు వెంట్రుకలు కూడా లేవు."

"మీ పిల్ల గిటారుకీ నాలుగే కదా తీగలు. సరిపోతాయి."

"నవ్వకు. ప్లేట్లు కొట్టేసేవాడైతే?"

"ప్లేట్ల కోసం నాలుగు రోజులు నిలబడే దొంగ ఎవరమ్మా? అంత ఓపికుంటే ఏదైనా ఉద్యోగం చేసుకుంటాడు."

అయిదో రోజు వీధి దాటి మా షాపులోకి వచ్చేశాడు. నేను ప్లేట్లు తుడుస్తున్నాను. అతను నాకు వీపు పెట్టి, గోడనున్న పాత కవర్లు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. చంకలో గుడ్డ చుట్టిన పొట్లం. గుడ్డ అంచు తొలిగి కవరు మూల కనిపించింది. ఆ మూలన ఆకుపచ్చ సిరాచుక్క ఉంది. మా ఆయన తన చేతి మీదుగా పోయిన ప్రతి కవరుకీ పెట్టిన చుక్క.

నా ప్లేట్లు! నా ప్లేట్లు వీడి చంకలో!

నేను లేచాను. అడుగు చప్పుడు కాకుండా గుమ్మం దగ్గరికెళ్ళి, షట్టర్ పట్టి కిందికి లాగాను. పిల్ల రాసిన నూనె పుణ్యమా అని చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా కాలేదు. అతనికి ఏమీ తెలియలేదు. చీకటి పడేసరికి అటు తిరిగే అన్నాడు:

"కరెంటు పోయిందా పెద్దమ్మగారూ?"

"నీ పని పోయింది," అన్నాను లైటు వేసి. చేతికి దొరికింది ప్లేట్లు తుడిచే కుంచె. అదే ఎత్తాను. "ఎక్కడిదా పొట్లం?"

అతను కుంచెనీ, షట్టర్‌నీ, నన్నూ చూశాడు.

"మీవే. తిరిగి ఇద్దామనే వచ్చానండీ. మీ మనవరాలు ఇచ్చింది."

"నీకెందుకిస్తుంది?"

"నేర్చుకోమని. నేను లిఫ్టులు బాగుచేస్తానండీ. ఎప్పుడో కుర్రతనంలో బేస్ వాయించేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం వాళ్ళ షాపు వెనకగదిలో కూర్చోబెట్టి నేర్పుతోంది. ఆ అమ్మాయి బదులు నేను వెళ్ళాలట, వ్యానులో."

కుంచె నా చేతిలోనే ఉంది కానీ బరువెక్కింది.

"దాని బదులా? అదెందుకు వెళ్ళదు?"

అతను నేల చూశాడు. "మా అమ్మమ్మకి వీడ్కోళ్ళు పడవు, అంది. ముగ్గురు అలాగే పోయారట కదా. నాలుగోదాన్ని నేను కాలేను, అంది. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"మరి చెబుతున్నావుగా."

"అది చెప్పడానికేనండీ నాలుగు రోజులుగా ఎండలో నిలబడుతున్నాను. ఒట్టు తప్పడం పాపమే. కానీ నా మాట వినండి." అతను కూర్చోనా అన్నట్టు స్టూలు చూశాడు. నేను ఏమీ అనకపోయేసరికి నిలబడే చెప్పాడు. "నాకు వ్యానెక్కితే వాంతులండీ. ఆ పిల్ల బతిమాలితే కాదనలేకపోయాను. పదకొండు ఊళ్ళు నేనేం చేసుకోను? నాకు పొద్దున్న ఎక్కి సాయంత్రానికి మళ్ళీ అదే నేల మీద దిగడం ఇష్టం. లిఫ్టు అంటే అదే కదా. పైగా ఈ పాటలు నావల్ల కావు. ఇవి ఆ అమ్మాయి వాయించాల్సిన పాటలు."

"ఈ పాటల్లో ఏముంది?" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. "బేసే లేదు వీటిల్లో. దగ్గర గీతలు."

అతను ఆ మాటకి తలెత్తాడు. భయం పోయింది. పనివాడు పని గురించి అడిగితే మొహం ఎలా మారుతుందో అలా మారింది.

"అదే కదండీ అసలు సంగతి! బేస్ బండగా మోగే పాటలు వేరే ఉంటాయి. వాటిలో వాడు పాట పొడుగునా తుమ్మెదలా రొద పెడుతూనే ఉంటాడు. నేర్చుకోడానికేం ఉండదు, నిద్రొస్తుంది. వీటిలో అలా కాదు. దుమ్, అని కొట్టి చేత్తో తీగ మూసేస్తాడు. ఊరుకుంటాడు. మళ్ళీ దుమ్, దుదుమ్. ఊరుకుంటాడు. ఆ ఊరుకున్న చోటే వినేవాడి కాలు లేస్తుంది. లిఫ్టు ఆగితేనే కదండీ మనిషి దిగేది? ఇంత మంచివి ఎనిమిది ఎవరు ఏరారో కానీ, మహానుభావులు."

నేను షట్టర్ పైకెత్తాను. ఎదురుగా గుండీలావిడ చెయ్యి నోటి మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"బతికున్నావా వదినా?" అంది.

"ఇతనికి టీ ఇవ్వు," అన్నాను. "నాకు వద్దు."

పిల్ల సాయంత్రం ఆరింటికి వచ్చింది. ముక్కు మీద అద్దాల పొడి. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఏడు ప్లేట్లూ, వాటితో వచ్చిన ఒక ఖాళీ కవరూ నా పక్కన పేర్చి ఉన్నాయి. అది ప్లేట్లు చూసింది, నన్ను చూసింది.

"లిఫ్టాయన వచ్చాడా?"

"వచ్చాడు."

"ఒట్టేయించుకున్నాను అతనితో!"

"ఒట్టు నిలబడలేదు. నువ్వు వెళ్ళు."

"ఎక్కడికి?"

"పదకొండు ఊళ్ళకి."

అది నా పక్కన కూర్చుంది. కాసేపు చేతులు నలుపుకుంది. "నేను వెళ్ళనని చెప్పేశానమ్మమ్మా. నువ్వు ఇప్పుడు పెద్దమనసు చూపించక్కర్లేదు."

"పెద్దమనసూ లేదు, చిన్నమనసూ లేదు. నీకు వెళ్ళాలని ఉందా, లేదా?"

అది తలెత్తి పైగది వైపు చూసింది. ఆ మొహం చదవడానికి నాకు వెలుగు కూడా అక్కర్లేదు.

"ఇంకోటి విను," అన్నాను. "నేను నీకిచ్చినవి చెడ్డపాటలు. కావాలనే ఇచ్చాను. నువ్వే పోతున్నావనుకుని, నీకు రాకుండా పోవాలని. మంచివి పైఅరలో దాచాను."

అది నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది, మెట్టు మీంచి జారిపోయేంతగా. "అవి చెడ్డవా? అమ్మమ్మా! మా గుంపులో పాడే అక్క విని గంతులేసింది. ఎనిమిదికి ఎనిమిదీ ఒప్పేసుకుంది. మీ అమ్మమ్మని కూడా వ్యానులో ఎక్కించమంది!"

తవ్విన గోతిలో తవ్వినవాళ్ళే పడతారంటారు. నేను తవ్విన గోతిలో నీళ్ళు పడ్డాయి.

నవ్వు ఆగిపోయింది దానికి, ఉన్నట్టుండి. కళ్ళు చిన్నవి చేసింది. ఆ చూపు నాకు తెలుసు. అది నా చూపే.

"అమ్మమ్మా, నిజం చెప్పు. డాక్టరేమన్నాడు?"

"ఏ డాక్టరు?"

"మొన్న మంగళవారం కంటి కోసమని వెళ్ళొచ్చావు. కంటికేనా?"

"కంటికి కాక కాలికి వెళ్తానా కంటి డాక్టరు దగ్గరికి?"

"మరి ఇంత మంచిదానివి ఎప్పుడైపోయావు? తప్పు ఒప్పుకుంటున్నావు. వెళ్ళమంటున్నావు. పుట్టినప్పట్నుంచీ వందసార్లు చెప్పావు, వెళ్ళిపోయేవాళ్ళు ముందుగా మంచివాళ్ళైపోతారని." నా కొంగు పట్టుకుంది. "నువ్వెక్కడికి వెళ్ళిపోతున్నావు?"

నేను లేచి, అలమారలోంచి డాక్టరు చీటీ తెచ్చి దాని చేతిలో పెట్టాను. చుక్కలమందు, రోజుకు రెండుసార్లు. అది ముందూ వెనకా తిప్పి చదివింది. వెలుగుకి పట్టి చూసింది. నా మనవరాలు కాదనగలరా ఎవరైనా?

"మరి నువ్వెందుకే షట్టర్‌కి నూనె రాశావు?" అన్నాను. "అక్కడే కదా మొదలైంది ఇదంతా."

"ఉండిపోతున్నానని రాశాను," అంది చీటీలోంచి తలెత్తకుండా. "ఉండేవాళ్ళే కదా తలుపులకి నూనె రాసుకునేది? పోయేదాన్నైతే అది కిర్రుమంటే నాకేం, కూలబడితే నాకేం?"

మూడుసార్లు చూసి నేర్చుకున్న పాఠం నాలుగోసారి తలకిందులైంది. మా ఆయన కుళాయి బాగుచేస్తూ, "ఇంక పదేళ్ళు దీని జోలికి రానక్కర్లేదు," అన్న మాట ఇన్నేళ్ళకి గుర్తొచ్చింది. ఆ మనిషి ఆ పదేళ్ళూ ఇక్కడే ఉందామనుకున్నాడు. నేనే ఆ కుళాయిని ఇన్నాళ్ళూ ఇంకోలా చూశాను.

పిల్ల చీటీ మడిచి జేబులో పెట్టుకుంది. నమ్మలేదు. నమ్మితే తిరిగి ఇచ్చేది. నేను ఇంకో మంచిమాట అంటే, ఆ మాట పట్టుకుని ఇక్కడే కూర్చుంటుంది. నవ్వినా కూర్చుంటుంది, ఏడ్చినా కూర్చుంటుంది. దాన్ని వ్యాను ఎక్కించే దారి నాకు ఒక్కటే కనిపించింది.

"ఇవి ఏడే ఉన్నాయి," అన్నాను ప్లేట్లు చూపించి. "ఎనిమిదోది ఏది?"

"ఎనిమిదోదా? నా దగ్గరుంది."

"తీసుకెళ్ళినప్పుడున్న శ్రద్ధ తెచ్చేటప్పుడు ఉండదా? మీ తాత చుక్క పెట్టిన ప్లేటది. వెనకగదిలో అద్దాల పొడిలో నా ప్లేట్లు వాయిస్తారా? పొడి పడితే ముల్లు ఏమౌతుందో తెలుసా? బంగారం అట, బంగారం! ఆ మాటకి పడిపోయాను నేను, బుద్ధిలేక!"

"అమ్మమ్మా, ఇప్పుడెందుకు..."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఆ పనిముట్లవాడి చంకలో పెడతావా నా సరుకు? కన్నతల్లి లాంటి షాపుని వీధిలో పెట్టావు!"

"నేను వీధిలో పెట్టానా? కావాలని చెత్త ఏరి ఇచ్చిందెవరు?"

"అది నా చెత్త. నా ఇష్టం!"

దాని భుజాలు అప్పుడు కిందికి దిగాయి. గట్టిగా ఊపిరి వదిలింది. మూతి బిగించింది కానీ, కళ్ళలో బెంగ పోయింది. మర్నాడు పొద్దున్న పాడే అక్కకి ఫోన్ చేసి, నేనే వస్తున్నానంది. ఆ వేళ నుంచీ నా గ్లాసులో టీ వణికింది. దుమ్, ఊరుకుంటుంది. దుమ్, దుదుమ్, ఊరుకుంటుంది. కింద కూర్చుని నేను ఆ ఊరుకున్న చోట్లన్నీ విన్నాను.

బయల్దేరడానికి తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ నేను చేతనైనంత చెడ్డగా ఉన్నాను. అది సర్దుకున్న బట్టలకి వంక పెట్టాను. డ్రమ్ముల పిల్లాడు తెచ్చిన రొట్టె మాడిందన్నాను. దాని జుట్టు పిచ్చుకగూడన్నాను. చెడ్డగా ఉండటం తేలికనుకుంటారు. ప్రతిమాటకీ కష్టపడాల్సి వచ్చింది. ఒకరోజు మరిచిపోయి దాని తల నిమరబోయి, చెయ్యి తిప్పుకుని, ఈ నూనెజిడ్డేంటే అన్నాను.

రెండో తారీఖు పొద్దున్న వ్యాను మా షాపు ముందే ఆగింది. గుండీలావిడ అప్పటికే కొంగు తడుపుకుంటోంది. లిఫ్టు మెకానిక్ బేస్ గిటారు పెట్టె జాగ్రత్తగా లోపలికి ఎక్కించి, వ్యానుకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు, దాన్ని చూస్తేనే కడుపులో తిప్పినట్టు.

పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది. నేను అప్పటికే చెయ్యి చాపి ఉన్నాను.

"ఎనిమిదోది."

"వచ్చాక ఇస్తా."

"ఇప్పుడే ఇయ్యి."

"ఇవ్వను."

"కవరు లేకుండా పట్టుకెళ్తావా? కవరు నా దగ్గరుంది!"

"ఉండనీ."

నాకిప్పుడు కోపం నటించక్కర్లేకపోయింది. నిజంగానే వచ్చింది. అది వ్యానెక్కింది. వ్యాను కదిలింది. నేను వెనకాలే నాలుగడుగులు వేసి అరిచాను, ఎండలో పెట్టకే, వంగిపోతుంది, నిలబెట్టి ఉంచు, ఎవరికీ ఇవ్వకు, విన్నావా! అది కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి చెయ్యూపింది.

"ఇంకా గట్టిగా అరవు అమ్మమ్మా!"

అరిచాను. మలుపు తిరిగేదాకా అరిచాను. అరుస్తున్న గొంతుకి ఏడవడానికి సందు దొరకదని అప్పుడు తెలిసింది.

లోపలికొచ్చి ఖాళీ కవరు తీశాను. నేను మొట్టమొదట ఇచ్చిన ప్లేటుది, రైలు తప్పిపోయిన మనిషి పాటది. మా నాన్న ఇంట్లోంచి ఏమీ పట్టుకెళ్ళలేదు, మా ఆయనా పట్టుకెళ్ళలేదు, మా అమ్మాయి దుప్పట్లు కూడా తీగ మీదే వదిలేసింది. ఇది నా ప్లేటు పట్టుకుపోయింది. తెచ్చివ్వాలనే పట్టుకుపోయిందా, నేను అలా అనుకోవాలని పట్టుకుపోయిందా? తెలివైన పిల్ల. చెప్పలేను.

కవరుని దాని చోట్లోనే పెట్టాను. అమ్మకానికి కాదు అని ఒక కాగితం మీద గుండ్రంగా రాసి, దాని మీద అంటించాను.